బటన్, పేరు లేదు

ఆదోని పత్తి యార్డుకు
ధరలు చెప్పే సైటు కట్టింది నేనే.
నీలం తెర మీద తెల్లగా పత్తికాయ పగులుతుంది,
వేలు పెడితే మెనూ జారుతుంది.
చూసినోళ్లంతా బాగుందన్నారు.
చూసినోళ్లు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఫోను.
"కోసిగి నుంచి ఉరుకుందమ్మను అబ్బా.
నీ సైటు ఏమంటాందో ఒగసారి వచ్చి ఇనిపో."
చూసిపో అనలేదు.

వసారాలో పత్తి బోరెం.
పిడికెడు తీసి, రెండు వేళ్ల నడుమ లాగి, తెంపి,
"పింజె పొడుగే, తేమే రవ్వంత ఎక్కువ"
అంది తనలో తాను.
పుట్టినప్పటి నుంచీ చూపు లేదు.

ఫోను తీసి తెర మీద వేలు జార్చింది.
లోపల్నుంచి తొందర గొంతు,
వేలంపాట పాడేవాడి మాదిరి:
బటన్. పేరు లేదు.
బటన్. పేరు లేదు.
బొమ్మ.
బొమ్మ.
ఐ ఎం జి సున్నా నాలుగు ఏడు.
బటన్. పేరు లేదు.

అది నా సైటు.
నేను గుర్తుపట్టలేదు.

"మా వీధిలో పద్నాలుగు తలుపులు.
తిమ్మక్కది కిర్రంటాది,
మస్తాను ఇంట్లో కుట్టుమిషను,
చివరింట్లో మేక దగ్గుతాది.
నీ వీధిలో ఒగ తలుపుకీ గొంతు ల్యా."

ధర ఉంది, లేకపోలేదు.
పొద్దున్నే గుమాస్తా రాసిన నల్లబోర్డును
ఫోటో తీసి పెట్టేవాళ్లం.
సుద్ద అంకెలు, అంచున ఎవరిదో భుజం.
ఆ గొంతుకు అదంతా ఒక్కటే మాట: బొమ్మ.
గేటు టోకెను కావాలంటే వంకర అక్షరాల పరీక్ష,
నువ్వు మనిషివేనని రుజువు చేసుకో అంటూ.
"మూడు తూర్లు కాదనింది నీ మిషను" అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

"ఎంతమందుంటార్రా అట్లాంటోళ్లు?"
అన్నాడు మా మద్దిలేటి సారు.
లెక్క నాకూ తెలీదు.
వచ్చి, తలుపు దొరక్క తిరిగిపోయినవాళ్లను
ఏ రిజిస్టరులో రాస్తారు?

రాత్రి తెర ఆర్పేసి కూర్చున్నా,
చెవుల్లో అదే గొంతు పెట్టుకొని.
మొదటి గంటంతా
నేను కట్టిన గోడలకే గుద్దుకున్నా.
తర్వాత ఒక్కోదానికీ పేరు.
వెతుకు. వెనక్కి. ఈ రోజు ధర.
పెండ్లి సామాన్ల మీద పేర్లు కొట్టేవాడిలా,
చిన్న ఉలి, చిన్న సుత్తె,
చెంబు తర్వాత చెంబు.
ఫోటో పీకేసి అంకెల్ని అంకెలుగా పెట్టా.

పత్తికాయ దగ్గర ఆగిపోయా.
'పగిలిన పత్తికాయ' అని రాసి, కొట్టేసి,
'విచ్చుకుంటున్న' అని రాసి,
తెల్లారినాక ఆమెకే ఫోన్ చేశా.
"అది నాకెందుకబ్బా,
నోరుమూసుకొని ఉండనీ దాన్ని."
సరే, దానికి పేరు పెట్టలేదు.

వంకర అక్షరాలు ఇంకా అట్లే ఉన్నాయి.
అవి పైవాళ్ల చేతిలో ఉన్నాయట.

సోమవారం మళ్లీ ఉరుకుందమ్మ.
థాంక్స్ చెబుతుందేమో అనుకున్నా.
"శనివారం ధర ఏడువేల మున్నూరు. అంతే గదా?"
అంతే.
"దలారి నాకు ఏడువేల నూరే కట్టినాడు."
కాసేపు ఫోనులో బస్సు చప్పుడు.
"యార్డుకే వస్తాండా. గేటు కాడ నిలబడు.
టోకెను సంగతి నిన్ను తర్వాత అడుగుతా,
ముందు వాని సంగతి."
నేను చదివి వినిపించాలా అంటే,
"నువ్వెందుకు?
ఫోను చదువుతాది.
వాడు ఇంటాడు."