టికెట్ వెనక రాసిన చిల్లర

ఏటుకూరు రోడ్డులో మిర్చి గోడౌను.
మూడు వందల టిక్కీల వెనక
గోనెపట్టా కప్పుకుని, గాలిపోయిన టైర్ల మీద
కూలబడి ఉందది.
స్టాండర్డ్ హెరాల్డ్. టాపు లేదు.
"మా పెదనాన్న మోజుపడి మద్రాసు నుంచి తెప్పించాడమ్మా,
టాపు ఎలకలు తినేశాయి, అందుకే చవగ్గా ఇస్తున్నా"
అన్నాడు కమీషన్ షావుకారు.
అందుకే కావాలన్నాను.

ఇరవై ఆరేళ్ళు కండక్టర్ని.
తల మీద రేకు, రేకు మీద మూటలు,
మే నెలలో ఆ రేకు కింద
యాభై సీట్లు, తొంభై ఒళ్ళు.
జరగండి, లోపలికి జరగండి అని
అరిచిందీ నేనే, జరిగిందీ నేనే.
చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసిచ్చేదాన్ని,
ఏడు రూపాయలు, దిగేటప్పుడు అడుగు అని.
కొందరు మర్చిపోయి దిగిపోయేవాళ్ళు.
నా టికెట్ వెనకా ఎవరో ఏదో రాశారు.
దిగే స్టేజీ వచ్చింది, అడిగాను.

లక్షా డెబ్భై వేలు, గ్రాట్యుటీలోంచి.
ఆ డబ్బుకి ఏసీ కారే వస్తుంది కదా పిన్నీ
అని లెక్క చూపించాడు అక్క కొడుకు భావనారాయణ.
ఏసీకి అద్దాలు మూయాలి కదరా.

ట్రాక్టరుకి తాడు కట్టి బెజవాడ ఆటోనగర్‌కి.
కాజ టోల్‌గేటు దగ్గర పేచీ:
లాగే బండికేనా టోలు, లాగించుకునేదానికి కూడానా?
అర టికెట్ కొట్టు నాయనా, ముసల్ది అన్నాను.
కుర్రాడు నవ్వి గేటెత్తాడు.

బానెట్ ఎత్తితే, మడ్‌గార్డులతో సహా
ముందు సగమంతా మొసలి నోరల్లే తెరుచుకుంది.
ముప్పై ఏళ్ళు లారీల కింద పడుకున్న సుభానీ
తొంగిచూసి, "కుట్టుమిషన్ కదండీ ఇది!" అన్నాడు.
కంప్రెసర్ పైపు తెచ్చి గాలి కొట్టాడు.
అంతే.
డాష్‌బోర్డు సందుల్లోంచి, సీటు స్ప్రింగుల్లోంచి
ఇరవై పంటల మిరప దుమ్ము లేచింది.
వరసంతా తుమ్ములు. లేత్ మిషను ఆగింది.
టీ కుర్రాడు గ్లాసులతో సహా తుమ్మాడు.
ఎదురు షెడ్డు వెల్డరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి
"ఎవరు పోయారు?" అన్నాడు.

సీటు కింద మిరపగింజలు, ఒక తలపిన్ను,
వంకీల అంచుల సత్తు పదిపైసలు.
పదిపైసలు నేనుంచుకున్నాను.

కోయంబత్తూరు నుంచి గాస్కెట్ వచ్చింది,
కొలత తప్పి తిరిగెళ్ళింది, మళ్ళీ వచ్చింది.
ఏం రంగెయ్యమంటారని ఏసుపాదం అడిగితే
బస్సు ఎరుపు తప్ప ఏదైనా అన్నాను.
మామిడిపిందె రంగు కలిపాడు.
ఆటో టాపులు కుట్టే నాగూర్‌బీ టేపుతో వచ్చింది.
కొలతలు తీసుకో తల్లీ,
కుట్టడానికి మాత్రం తొందర లేదు.

ఆదివారాలు, ఆగిన లారీల మధ్య
సుభానీ నాకు డ్రైవింగ్ నేర్పాడు.
ఇన్నేళ్ళూ నోట్లో విజిల్ ఊదితే బండి ఆగేది,
ఇప్పుడు కాలు వెయ్యాలి.
రెండుసార్లు ఊదాను, నోట్లో ఏమీ లేకుండానే.
డ్రమ్ముకి గుద్దాను.

మొన్న బెంజి సర్కిల్ సిగ్నల్లో
చినుకులు మొదలయ్యాయి.
పక్కనే మా బస్సు. టపటపా షట్టర్లు దించుకుంటున్నారు.
ఫుట్‌బోర్డు మీంచి వంగి కండక్టరు పిల్ల
"అమ్మా, తడుస్తున్నారు" అంది, నాకు తెలియనట్టు.
తడిసిన సీటులోంచి మళ్ళీ మిరపఘాటు.
తుమ్మాను. క్లచ్ వదిలేశాను.
ఇంజను ఆగింది, పచ్చలైటు పడింది,
వెనకంతా హారన్లు.
చెయ్యి అలవాటుగా నడుం దగ్గర సంచీకోసం తడుముకుంది.
లేదు.
తాళం తిప్పాను. దగ్గింది. మళ్ళీ తిప్పాను.

అప్పుడా పిల్ల, తన బస్సు ఆపి,
నా వైపు చూస్తూ
రెండు విజిళ్ళు వేసింది.
ఎన్ని వేలసార్లు ఊదుంటాను దాన్ని,
నాకోసం ఎవరైనా ఊదడం
ఇదే.