మినిట్స్ పుస్తకం

నా పని వినబడింది రాయడం.
విన్నదానికి అర్థం రాయడం నా జీతంలో లేదు.
పంతొమ్మిదేళ్ళుగా ఈ కౌంటీకి గుమాస్తాని.
రోడ్ల గుంతలూ, మంచు మీద చల్లే ఉప్పు ధరా,
కుక్కల లైసెన్సులూ
అన్నీ నా వేళ్ళ కిందనుంచే పోయాయి.

ఓహియోలో ఈ రాత్రి వాన.
బడి జిమ్ములో బాస్కెట్‌బాల్ బుట్టని పైకి మడిచేశారు.
కుర్చీలు నూట నలభై అన్నాడు కాపలా డెల్బర్ట్.
మళ్ళీ లెక్కపెట్టి, నూట ముప్పై తొమ్మిది అన్నాడు.
ఆ ఒక్కటీ పోలీసుల దగ్గరుంది.

పన్నెండు రోజుల కింద ఇక్కడే
బోర్డు సభ్యుడు ఎమెట్ ప్రూట్ లేచి నిలబడ్డాడు.
ఆనాటి నా కాగితం
"వంతెన మరమ్మతు వచ్చే ఏప్రిల్‌లోగా" దగ్గర
ఆగిపోయింది.

ముందు మౌనం అన్నారు.
ఎంతసేపో ఎవరూ తేల్చలేదు.
ఇరవై రెండో సెకనుకి వెనక వరసలోంచి ఒక గొంతు:
"పోయినేడు మావాడు పోయినప్పుడు
మీ తలలు ఎందుకు వంగలేదు?"
అంతే, తేనెపట్టు మీద రాయి పడింది.

కాల్చినవాడు మీవాడంటే మీవాడు.
ఆ చెయ్యి ఎవరికి ఓటేసిందో తేలితే చాలు
చచ్చినవాడు లేచొస్తాడన్నట్టు.
జెండా సగానికి దించాలని ఒకరు,
జానెడు కూడా దించొద్దని ఇంకొకరు.
పాస్టర్ థాడియస్ ప్రేమ గురించి చెబుతూ
బల్ల గుద్దాడు.
"ఇలా జరగకూడదు, కానీ" అంది బడి పంతులమ్మ.
ఆ "కానీ"ల్ని తర్వాత లెక్కపెట్టాను.
పదిహేడు.
అందులో రెండు నేను తలూపినవి.

తొమ్మిదిన్నరకి మైకు దగ్గరికి హెన్రియెట్టా వచ్చింది,
ఎమెట్ భార్య.
రెయిన్‌కోటు విప్పలేదు.
కుర్చీ చాలక మూడు గంటలూ
తలుపు పక్క గోడకి ఆనుకునే ఉందట.
నాకూ కనబడలేదు.

అందరూ ఊపిరి బిగబట్టారు,
ఎవరి వైపు మాట్లాడుతుందోనని.
ఆమె వెనక్కి తిరిగి బ్యానరు చూపించింది.
"మా ఇంటిపేరు చివర టీ రెండుసార్లు.
మీరు ఒకటే వేశారు."

మైకు కాసేపు గుర్రుమంది.
వెళ్ళిపోయింది.
ఆ తర్వాత ఎవరో మళ్ళీ జెండా ఎత్తుకున్నారు.

ఇంట్లో, పన్నెండు దాటాక, శుద్ధప్రతి కొడుతున్నాను.
మౌనం: ఇరవై రెండు సెకన్లు.
ప్రూట్, టీ రెండుసార్లు.
తప్పు అంటూ కింద ఎర్రగీత గీసింది కంప్యూటరు.
నేను దిద్దలేదు.