వెచ్చటి ఇనుము

పత్రంలో "లక్ష్యం" అని ఒక గడి ఉంది.
"కంబైను" అని రాస్తే పైఅధికారి కొట్టేశాడు.
తగిలింది కాదు, తగలాలనుకున్నది రాయాలట.

నా పేరు మోత్ర్యా.
ఒకప్పుడు బడిలో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని.
కంటికి కనబడని వేడి కాంతి గురించి
నల్లబల్ల మీద ఎర్ర సుద్దముక్కతో.
ఇప్పుడు మికొలాయివ్‌కి తూర్పున, గోధుమ చేలల్లో
మోకాళ్ళ మీద నడుస్తాను.
చేతిలో సన్నటి ఇనప పుల్ల, ముందు జానెడు నేల,
అదయ్యాక ఇంకో జానెడు.

రాకెట్టు తోక చేలో దిగబడి నిలుచుంది,
దున్నుతూ దున్నుతూ ఎవరో వదిలేసి వెళ్ళిన మేడిలా.
ఉత్త గొట్టం. పిచ్చుక ఒకటి అప్పుడే లోపల గడ్డి పేరుస్తోంది.
అది మోసుకొచ్చింది ఐదింటిని.
ఆకాశంలోనే కడుపు విప్పి వదిలేసింది,
ఒక్కోదానికీ ఒక గొడుగు, ఒక్కోదానికీ ఒక కన్ను.
గిరగిరా తిరుగుతూ దిగుతాయి,
పొలం మీద చూపుతో చుట్టలు గీస్తూ
ఒకే మాట అడుగుతాయి:
ఇనుమేనా? వెచ్చగా ఉందా?
ఎవరిదని అడగవు.

తిమీష్ కంబైను ఇనుమే. వెచ్చగానే ఉంది.
పొద్దుటి నుంచి పదకొండు హెక్టార్లు కోసి
అకేసియా చెట్ల వరుస పక్కన ఆపి,
ఇంజను కాస్త చల్లారనీ అని
క్యాను పట్టుకుని బావి దాకా నడిచాడు.
నూట నలభై అడుగులు.
ఇప్పుడు రోజూ లెక్కపెడతాడు.
నూట ముప్పై ఎనిమిది వచ్చిన రోజు
కంగారుగా వెనక్కెళ్ళి మళ్ళీ మొదలుపెడతాడు.

ట్యాంకుకి పక్కల కవచం మందం, నెత్తిన పలచన.
అందుకే వీటిని నెత్తిన దిగేలా చేశారు.
కంబైను నెత్తిన ఉన్నది గింజల తొట్టి,
రెండు మిల్లీమీటర్ల రేకు,
దాని మీద తిమీష్ కూతురు అంటించిన బాతు బొమ్మ.

మూడు ఉత్త మట్టిని కొట్టాయి. ఒకటి కంబైనుని.
ఐదోది పేలలేదు.
లుకేరియా పెరట్లో ఆప్రికాట్ చెట్టుకి గొడుగు చిక్కుకుని
మూడు రోజులుగా వేలాడుతోంది.
కింద కోళ్ళు.

"దాని కడుపులో ఏముందే?" అంది ముసలామె
కంచె అవతల నుంచి. అక్కడే ఉండమన్నది నేనే.
మందు. మందుకి ముందు ఒక పళ్ళెం.
"ఏం పళ్ళెం?"
రాగిది. పేలగానే ముడుచుకుని ముద్దయి
చప్పుడు కన్నా ముందే చేరుతుంది.
"రాగి," అంది.
లోపలికెళ్ళి తన పళ్ళెం తెచ్చింది,
చెర్రీలు పాకం పట్టేది, అత్తగారి అత్తగారిది,
అడుగు మసి, లోపల తోమి తోమి గులాబీ రంగు.
"ఇంతుంటుందా?"
ఇంకా చిన్నది. ఇంకా మందం.
"మిట్టమధ్యాహ్నం దీన్ని వాకిట్లో పొయ్యి మీద పెడతాను.
ఆ కన్ను చూస్తే?"

పాఠం మొదలుపెట్టబోయాను,
రెండు రకాల కాంతిలో పోల్చి చూస్తుందనీ,
ఇంత చిన్నదాన్ని లెక్కచెయ్యదనీ.
వెనక బెంచీ పిల్లలా నా మొహంలోకే చూస్తూ నిలబడింది.
తెలియదు, అన్నాను.

సాయంత్రం ఆమె కిటికీలకి ఇసుక బస్తాలు పేర్చాం.
కోళ్ళు వాటంతటవే గూటికి చేరేదాకా ఆగాం. ఒకటి తక్కువ.
చెట్టు కూడా పోతుందమ్మా, అన్నాను.
కాయలు కోసుకోనీ అనలేదు.
"కానీ," అంది.

చల్లారాక రాగి ముక్క ఒకటి దొరికింది, బొటనవేలంత.
సంచిలో వేసి అంకె రాశాను.
సాక్ష్యం, ఇవ్వడం కుదరదు, అన్నాను ఆమె అడగకుండానే.
"నాకెందుకూ? నాకు రాగి ఉంది."

ఆ రాత్రి పదకొండింటికి ఆమె వాకిట్లో పొయ్యి వెలిగింది.
పగలైతే కనబడుతుందని
ఇక మీదట పాకం చీకట్లోనే పడుతుందట.
గరిటె పళ్ళేనికి తగిలే చప్పుడు
మా గుడారం దాకా వినిపించింది.

నేల చల్లబడ్డాక వేడి ఇంకా స్పష్టంగా కనబడుతుందని
ఆమెకి నేను చెప్పలేదు.
పొద్దున్నే ఒక సీసా పంపింది.
కొంచెం మాడింది.