బల్ల కింద ఎడమకాలు

ఇరవై రెండేళ్లుగా ఎల్బియో టెచెరా పక్కన కూర్చుని
మైకు మీటలు తిప్పుతున్నవాణ్ణి,
నాకు తెలుసు:
ఆట చెప్పేది అతని నోరు కాదు.

పైసాందూ మైదానం అంచున రేకుల గూడు మాది.
ఎండొస్తే పెనం, వానొస్తే డప్పు.
రెండు కుర్చీలు, మాతే బుర్ర, వేణ్ణీళ్ల ఫ్లాస్కు.
నది మీంచొచ్చే గాలికి ఎగిరిపోకుండా
జట్ల జాబితా మీద అతని పాత బూటు, ఎడమది.
కుడిది ఏమైందని ఓసారి అడిగాను.
"దాంతో ఎప్పుడైనా గోల్ కొట్టానా?" అన్నాడు.

బంతి ఎడమ అంచున పరుగందుకుంటే
మాటకన్నా ముందు బల్ల కింద కాలు కదులుతుంది.
మూడుసార్లు తీగ ఊడగొట్టాడు.
కసాయి కొట్టు రోకే ఫోన్ చేసి
నన్ను తిట్టాడు, అతన్ని కాదు.

మొదట్లో మాటలు వచ్చేవి కావు.
"అదిగో, అటు, అటు!" అని అరిచేవాడు.
చూపులేని దోన్యా సెలికా స్టేషన్‌కి కబురంపింది:
"అటు అంటే ఎటు నాయనా?
నా కుర్చీకి కుడివైపా, పొయ్యివైపా?"
ఆ వారమంతా రాత్రుళ్లు
ఖాళీ మైదానంలో కుంటుతూ తిరిగాడు,
గడ్డినీ గీతనీ మూల జెండానీ
ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటూ.

లకుయెస్తా పేరు మాత్రం ఎన్నడూ పలకలేదు.
రివేరాలో, బురదలో,
ఇరవై మూడో ఏట అతని మోకాలు విరిచినవాడు.
తర్వాత శిక్షకుడై ఎన్నిసార్లు మా ఊరొచ్చినా
"అవతలి జట్టు పెద్దమనిషి" అనేవాడు, అంతే.

మొన్న ఆదివారం, విరామానికి ముందు
స్టూడియో నుంచి చీటీ వచ్చింది.
లోలోపల చదువుకున్నాడు.
నేను గడియారం చూపించాను.
నాలుగు సెకన్లు.
రేడియోలో అంత మౌనానికి
ఉద్యోగాలు పోయినవాళ్లు నాకు తెలుసు.

అప్పుడు మొత్తం పేరు పలికాడు,
తల్లి ఇంటిపేరుతో సహా:
ఆనిబల్ లకుయెస్తా ఫ్రోస్.
వయసు. ఆడిన జట్లు. ఆసుపత్రి పేరు.
ఆపైన చీటీలో లేని ముక్క ఒకటి:
"బంతి కోసమే వచ్చేవాడు."

అబద్ధం.
ఆ రోజు రివేరాలో కంచె పట్టుకుని నిలబడ్డ
తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి నేను.
బంతి అప్పటికే ఎక్కడికో పోయింది.

బల్ల కిందకి చూశాను.
కాలు కదల్లేదు.

మీట తిప్పి
టైర్ల ప్రకటన వేశాను.