పుస్తకం పడుకునే గది

మడపాం టోలుగేటు దాటి
కోసు దూరం పోతే, ఎడం పక్కన
తెల్లగా ఒక బుడిపె కనిపిస్తాది.
అది నా సేతి పని.

మొదలు గుడి కాదది. పొయ్యి.
తుపాను నాడు రోడ్డుకి అడ్డంగా తాటిసెట్లు కూలి
లారీలు బారులు తీరి ఆగిపోతే
గుర్మేజ్ సింగు తన బండి టార్పాలిన్ ఇప్పి
నాలుగు సరుగుడు కర్రలకి కట్టి
లోడులోని పిండి బస్తా కోసినాడు.
(ఆ పిండి బాకీ రెండేళ్లు తీర్సినాడంట.)
మూడ్రోజులు మా ఊరోళ్లమూ తిన్నాము
నేల మీద, వరసగా.
పెద్దీధి కరణంగారి పక్కన తవిటమ్మ కూకుంది.
అలగ కూకోడం అంతకుముందు నాను సూళ్లేదు.

ఆ పొయ్యిని మరి ఆరనివ్వలేదు.
ఏడేళ్లకి నన్ను పిలిసి
"మేస్త్రీ, దీని సుట్టూ ఇల్లు కట్టాల" అన్నాడు.

తూరుపు ముకమేనా అనడిగినాను.
లారీ డోరు మీద సుద్దతో గీసినాడు,
నాలుగు పక్కలా నాలుగు తలుపులు.
అరసవిల్లిలో సూర్యుడు ఏడాదికి రెండు మార్లే
సామి కాళ్లు ముట్టుకుంటాడు.
ఇక్కడ ఎండకి రోజూ దారే.

పునాది ఎత్తు లేపబోతే సెయ్యి పట్టుకున్నాడు.
మెట్లు కిందకి దిగాలంట.
ముప్పయ్యేళ్ల పనిలో
దేవుడికి రోడ్డు కంటే పల్లం కట్టమన్నోడు ఆయనొక్కడే.
"వానొస్తే నీరు నిల్సిపోద్ది బాబూ."
"నీరు ఎటెల్తే మనమూ అటే" అని నవ్వి
కాలవ మాత్రం వేయించినాడు.

గోపురం కాడ సిక్కొచ్చింది.
బోర్లించిన తామరపువ్వంటాడు.
తామరని బోర్లించి ఎవుడు సూసినాడు?
తవిటమ్మ సంచిలోంచి గుమ్మడికాయ తీసి
వంశధార ఇసక మీద ఎట్టింది.
"ఇదేనేటి?"
ఆయన గెడ్డం నిమురుకొని శానాసేపు సూసి
ఇదే అన్నాడు.
కాయకి ఎన్ని గాళ్లో లెక్కెట్టి అన్నే గాళ్లు తీసినాను.
సాయంత్రానికి అది పప్పులో పడింది.

గర్భగుడి ఏదన్నాను. లేదన్నాడు.
ఇగ్రహం? పుస్తకం అన్నాడు.
పగలు సాందినీ కింద పీట మీద కూకుంటాది,
ఇంజామర ఇసరాల.
రాత్రి పడుకుంటాది.
దానికో గది కావాల.

పుస్తకానికి పడకగది!

బడి గుమ్మం ఎక్కనోణ్ణి.
మస్తరు మీద బొటనేలు తప్ప నాకేటీ రాదు.
మా ఇంట్లో ఆరుగురం ఒక్క గదిలోనే పడుకుంటాం.
అయినా ఆ గదికి
తాపీ రెండుసార్లు కడుక్కున్నాను.
మూలలు అరసేత్తో తడిమి సూసినాను
అచ్చరాలకి గుచ్చుకుంటాయేమోనని.
సున్నం ఆరేదాకా బీడీ ముట్టలేదు.

ఇప్పుడు పొద్దుగూకినాక ఆయన
పుస్తకాన్ని తల మీద ఎట్టుకొని
ఉత్తకాళ్లతో, నిద్దరని లేపకుండా నడిసినట్టు
నడిసి ఎల్తాడు.
నాను తువ్వాలు తలకి సుట్టి పక్కన నిలబడతాను.
ఆ గుమ్మం ఎత్తు కొలిసింది నానే:
మడిసి ఎత్తు,
మడిసి మీద పుస్తకం ఎత్తు,
దాని మీద ఇంకో జానెడు.
ఎందుకో తెలీదు, వదిలినాను.