ఒక్క ‘స’

గాజు గదిలో కూర్చోబెట్టి తలుపు మూసింది.
చెవులకు డొప్పలు, చేతిలో బటను.
కూత వినపడితే నొక్కాలి.
నొక్కాను, నొక్కాను,
తర్వాత చాలాసేపు ఊరికే కూర్చున్నాను.
అద్దం అవతల ఆమె పెన్ను మాత్రం కదులుతూనే ఉంది.

సింగపూర్లో పదహారేళ్లు
ఓడల పొట్టల్లో దూరి గ్రైండరు పట్టినవాణ్ణి.
ఇనుము మీద ఇనుము ఏడ్చే చోట
మనిషికి మాటెందుకు, చెయ్యి ఊపితే చాలు.
చెవుల్లో పెట్టుకోడానికి బిరడాలు ఇచ్చారు,
ఇచ్చినట్టు సంతకం తీసుకున్నారు.
సంతకం పదిలంగా ఉంది.

రెండో పరీక్ష మాటలది.
ఆమె ఇంగ్లీషు ముక్క అంటుంది, నేను తిరిగి అనాలి.
కొన్ని వినపడలేదు.
కొన్ని వినపడ్డాయి గాని
పుట్టి బుద్ధెరిగి ఎక్కడా వినలేదు.
రెంటికీ ఒకటే ఇంటూ పెట్టింది.

కాగితం మీద పేరు చూసి
“డిల్లేశ్వరరావు, మీది ఢిల్లీయా?” అంది.
“కాదు మేడం, కవిటి.”
“ఏమిటి?”
“కవిటి.”
“మళ్లీ చెప్పండి.”
అప్పుడు కొంచెం హాయిగా అనిపించింది.

గీత గీసి చూపించింది.
తిన్నగా నడిచి నడిచి
నూతిలో పడ్డ మనిషిలా ఉంది ఆ గీత.
పడ్డచోట వేలు పెట్టి
“మీరు పోగొట్టుకున్నది ఎస్” అంది.

ఆమెకేం తెలుసు.
మా ఉద్దానంలో శ లేదు, ష లేదు,
చ ని కూడా స అనే అంటాం.
రాసినప్పుడు చేప, కూరలో సేప.
చెప్పు, చూడు, చాలు, చల్ది, చీకటి
అన్నీ ఆ నూతిలోనే ఉన్నాయి.
ఫోన్లో సుభద్ర “సెప్పు, సెప్పు” అంటే
“ఎప్పుడు, ఎప్పుడు” అనుకుని
“జూన్లో వస్తాలే” అన్నాను ఓసారి.
తను అడగలేదట ఆ మాట.
అడగడం మానేసి అప్పటికి చాన్నాళ్లయిందట.

బల్ల మీద మూడు రకాలు వరసగా పెట్టింది.
అచ్చం పలాస జీడిపప్పు.
ధర కిలోకి కాదు, పలుక్కి.
మొదటిది అన్నిటినీ పెంచుతుంది, గ్రైండరుతో సహా.
మూడోది ఫోను తిన్నగా చెవిలోకి దింపుతుంది,
దాని ధర ఆమె నోటితో చెప్పలేదు,
కాలిక్యులేటరు నా వైపు తిప్పింది.
రెండోది తీసుకున్నాను, ఒక్క చెవికి.
ఏ చెవికి అంది.
ఫోను పెట్టుకునే చెవికి అన్నాను.
“ఇంకో చెవి?”
మూడు నెలల ఓవర్‌టైము తర్వాత, అన్నాను.

జూన్లోనే వచ్చాను.
జీడిపప్పు ఏరే చెయ్యి కదా సుభద్రది,
అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పింది.
గుండా, బద్దా అని చూసింది.
“ఒకటేనేటి? జోడేదీ?”
ధర సగమే చెప్పాను.
ఆ సగానికే గోడకి చేరబడి
“ఏడాది పప్పు ఏరాలి” అంది.

రాత్రి అరుగు మీద తనూ ఒక పరీక్ష పెట్టింది.
నోటికి కొంగు అడ్డం.
“సేప.” వచ్చింది.
“సింత.” వచ్చింది.
“సల్ది.” వచ్చింది.
వచ్చాయి గాని
స్టీలు గ్లాసులో చెంచా తిప్పినట్టున్నాయి,
నేను వదిలివెళ్లిన గొంతు కాదు.
ఆ మాట తనకి చెప్పలేదు.
తను మటుకు పదిమార్కులూ వేసి నవ్వింది.

అంతలో సముద్రం వైపునుంచి గాలి లేచింది.
కొబ్బరి మట్టలన్నీ ఒక్కసారి
స అన్నాయి.
ఊరంతా స.
అంత ఖరీదైన పలుకూ బిత్తరపోయింది,
ఏది ఆకు, ఏది మనిషి అని.

తను దీపం తీస్తూ, అటు తిరిగి, ఏదో అంది.
“ఏటన్నావు?”
“నానేటీ అన్నేదు. గాలి.”

ఆకు అయితే సాలు అనదు.
రెండుసార్లు అసలే అనదు.
బ్యాటరీ తియ్యకుండానే పడుకున్నాను.