ఖాళీ గడి

కావలి స్టేషన్ బయట జిలానీ సార్
నా ట్రైపాడ్‌ని టీవీయస్‌కి అడ్డంగా కట్టి
"ఎక్కమ్మా, ఎండెక్కితే ఇసక కాలుద్ది" అన్నాడు.
నా సంచిలో లాప్‌టాప్, ఆయన జేబులో
రొయ్యల మేత కంపెనీ పంచిన చిన్న డైరీ.
ఇద్దరికీ ఒకే క్లబ్బు జీతం.
ఆయన చూస్తాడు. నేను లెక్కపెడతాను.
ఈ తేడా మీద చెన్నై ఆఫీసులో
ఇప్పటికి మూడు మీటింగులయ్యాయి.

తుమ్మలపెంట ఒడ్డున గోల్‌పోస్టులంటే
నాలుగు సరుగుడు వాసాలు, పనికిరాని వల.
ఎర్ర నిక్కరు కుర్రాడు అరగంటలో మూడు గోల్స్ కొట్టాడు.
నా తెర మీద ఇక తిరునాళ్ళే:
షాట్లు తొమ్మిది, ఇసకలో కూడా ఆ వేగం!
"వీడే సార్" అన్నాను.
సార్ అటు చూడనే లేదు.
ఎడమ పక్కన, బంతి దారి తప్పితే తప్ప రాని చోట
జబ్బలు జారిన చొక్కాలో నిలబడ్డ
వాయల కోదండాన్ని చూస్తున్నాడు.
బంతి వాడి కాలికి తగిలింది ఆరుసార్లు.
నా పట్టిక ప్రకారం వాడు ఆటకి రానట్టే.

"కాళ్ళు కాదమ్మా, మెడ చూడు."

రాత్రి కావలి లాడ్జిలో
కారం దోశ పొట్లం పక్కన పెట్టుకుని
వీడియో వెనక్కి తిప్పి మెడ చూశాను.
బంతి ఇంకా అవతలి కొసలో ఉండగానే
భుజం మీంచి వెనక్కొక చూపు,
ముందుకి, మళ్ళీ వెనక్కి.
నిమిషానికి పద్నాలుగు.
కరెంటు పోయి వచ్చాక మళ్ళీ లెక్కపెట్టాను.
పద్నాలుగే.
రెండో సగంలో వాడున్న వైపుకి
అవతలి జట్టు బంతి వెయ్యడమే మానేసింది.
వెయ్యని పాసుని
ఏ గడిలో రాయాలి?

తెల్లారి మళ్ళీ వెళ్తే అలివి వల లాగుతున్నారు.
తాడు పట్టి, సముద్రానికి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ.
వెనక పడవ ఉంటుంది, లంగరు ఉంటుంది,
ఎవరో ఆరేసిన మెత్తళ్ళుంటాయి.
తొక్కితే తిట్లు.
వరసలో కోదండం.
అదే మెడ.

సార్ ఏమీ అనలేదు. బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

వాళ్ళమ్మ అంకమ్మ చేపలు ఏరుతూనే చెప్పింది:
"ఆధార్‌లోనా? జనవరి ఒకటి.
మా పాళెంలో సగం మంది ఆ రోజే పుట్టారు తల్లీ.
లైలా తుపానుకి నాకు ఏడో నెల,
బడి మేడ మీద తలదాచుకున్నాం.
ఆడనించి నువ్వే లెక్కేసుకో."
వేసుకున్నాను.
క్లబ్బు డాక్టరు మణికట్టుకి ఎక్స్‌రే తీసినా
ఇంతకన్నా దగ్గరికి రాడు.

వెళ్ళేముందు వాడు తాడు వదిలేసి వచ్చాడు.
"అక్కా, నాకెంత వచ్చింది?"
"పద్నాలుగు."
"అది నా వయసు గదా!" అని
మోసపోయినట్టు చూశాడు.

మా సాఫ్ట్‌వేర్‌కి ఒక రోగం:
ఖాళీ గడి కనిపిస్తే సున్నా అనుకుంటుంది.
ఖాళీ అంటే మేం చూడలేదని.
సున్నా అంటే చూశాం, లేదని.
ఈ మాట మెయిల్లో రాసి, చెరిపి, మళ్ళీ రాసి
కోదండం గడుల్లో ఒక్కొక్కదాంట్లో
"చూడలేదు, చూడలేదు" అని నింపాను.
కింద మెడ లెక్క.
ఎర్ర నిక్కరు పేరూ పంపాను.
మూడు గోల్స్ ఎప్పటికైనా మూడు గోల్సే.

జవాబు పది రోజులకి వచ్చింది.
ఎర్ర నిక్కరుకి చెన్నైలో ట్రయల్.
రెండోవాడిది ఇంకొంచెం వీడియో కావాలట.

సార్‌కి ఫోన్ చేస్తే ఎవరి రొయ్యల గుంట దగ్గరో ఉన్నాడు,
ఏరేటర్ల హోరులో ముక్క వినపడలేదు.
డైరీలో ఆయన రాసుకున్నది నేనొకసారి చూశాను:
"వా. కో. మెడ." అంతే.
దాని కింద మేత బస్తా ధర.

"ఎంత వీడియో?" అని అరిచాడు.
"రొండు ఆటలా, మూడా?"
తెలీదన్నాను.
శనివారం బండిలో పెట్రోలు పోయించి ఉంచమన్నాను.